ఉండాయా, పోయినాయా

ఆ ఏడు రాగులు బాగా పండాయి. మా కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయి. పండకపోయి ఉంటే నోటికొచ్చినట్టు వానదేవుణ్ణి తిట్టుకుని, కుప్పంలో రైలెక్కి బెంగళూరుకు కూలికి పోయేవాళ్లం. ఎవరి ప్రాణానికీ ఏమీ అయ్యేది కాదు. కానీ వానలు వేళకు పడ్డాయి, కంకులు బరువుకు తలలు వంచాయి, ఆ వాసన అడవి దాకా పోయింది. రాగి కంకి ముదిరిందన్న సంగతి మాకంటే ముందు ఏనుగులకే తెలుస్తుంది.

మా ఊరు రామకుప్పానికి అవతల, అడవి అంచున ఉంటుంది. గుట్ట దిగితే తమిళనాడు. ఇంకో పక్క కాస్త దూరం నడిస్తే కర్ణాటక. నేను కుప్పంలో ఇంటర్ పాసై, ఇంకా చదివించేదా పెళ్లి చేసేదా అన్నది ఇంట్లో తేలక ఖాళీగా కూర్చున్న చలికాలం అది. రెండువేల ఒకటి.

మా నాయన ఓబులప్ప ఊళ్లో అందరిలాంటి రైతే. కానీ పంచాయతీ ఆఫీసు తాళంచెవి ఆయన మొలతాడుకు ఉండేది. ఆ ఆఫీసులో ఎప్పుడో ప్రభుత్వం ఇచ్చిన పెద్ద రేడియో, ఒక మైకు, మిద్దె మీద రెండు హారన్లు ఉండేవి. జీతం బత్తెం లేని ఉద్యోగం. రోజూ సాయంకాలం వార్తల వేళకు నాయన కాళ్లు చేతులు కడుక్కుని, ఉతికిన కండువా వేసుకుని పోయేవాడు. గుడికి కూడా అంత శ్రద్ధగా పోగా నేను చూడలేదు.

ముందు తనొక్కడే రేడియోకు చెవి ఆనించి వార్తలు మొత్తం వినేవాడు. తర్వాత రేడియో కట్టేసి, మైకు పెట్టి, వాటిని మా మాటల్లో ఊరికి చెప్పేవాడు. వార్తలు చదివే ఆమె తెలుగు మా ఊళ్లో సగం మందికి కొరుకుడు పడేది కాదు. ఆమె ‘తెలియవచ్చింది’ అన్నా, ‘అధికారులు పేర్కొన్నారు’ అన్నా నాయన ఆ మాటల్ని పొట్టు ఊదినట్టు ఊది పారేసేవాడు. గింజ మాత్రమే మైకులో పడేది. ఊరికి కావలసింది కూడా అదే.

నాయన మాటకు అంత విలువ ఊరికే రాలేదు. తుపాను వచ్చిన ఏడాది రేడియో చెప్పిందని ఆయన ఒక్కడే గొడ్లను మిట్ట మీదికి తోలాడు. ఎండ కాస్తుంటే ఈ పిచ్చేమిటని ఊరంతా నవ్వింది. తెల్లారేసరికి వంక పొంగి ఎందరి గొడ్లో కొట్టుకుపోయాయి, మావి మిగిలాయి. అప్పటి నుంచి ఊళ్లో రేడియో అంటే మా నాయన, నాయన అంటే రేడియో.

“సర్కారోళ్ల రేడియో అది. మనకు అమ్మేది ఏమీ లేదు. మనతో కొనిపించేది ఏమీ లేదు. దానికి అబద్ధం సెప్పే అవసరం యాల ఉంటాది?” అనేవాడు.

ఈ మాట ఎక్కువగా మా అన్న లోకనాథ్ వినేటట్టు అనేవాడు. ఎందుకంటే అన్న కుప్పంలో ఊరికే పంచే ఒక పేపరులో పని చేసేవాడు. దాని పేరు ‘సరిహద్దు గంట’. వారానికి ఒకసారి వచ్చేది, నాలుగు పేజీలు. టీ హోటళ్లలో, ఎరువుల అంగళ్లలో కట్టలు కట్టలుగా పడేసేవాళ్లు. నడిపేది గోవిందరాజులు అనే టపాకాయల వ్యాపారి. వెనక పేజీ నిండా ఆయన అంగడి ప్రకటనే ఉండేది. మొదటి పేజీ నిండా ఏనుగులు. ఏనుగుల్ని బెదరగొట్టడానికి మా పక్క ఊళ్లన్నీ టపాకాయలే కొంటాయి కాబట్టి, ఆ పేపరులో ఏనుగులు లేని వారం ఉండేది కాదు. వేసవిలో, చేలల్లో గడ్డిపరక కూడా లేని రోజుల్లో కూడా అందులో ఏనుగులు తిరిగేవి.

కోతలకు ముందు ఒక పొద్దున అన్న పేపరువాళ్లిచ్చిన టీవీఎస్ బండి మీద కొత్త సంచిక కట్ట తెచ్చి అరుగు మీద పెట్టాడు. మొదటి పేజీలో పెద్ద ఫోటో. కూలిపోయిన గుడిసె. ‘మళ్లీ వచ్చిన గజరాజులు, వణుకుతున్న పల్లెలు’ అని పెద్ద అక్షరాలు.

నాయన పేపరు అందుకుని, దూరంగా పట్టుకుని చూసి, వీధిలో పోతున్న వెంకటేశులు మామను కేకేశాడు.

“రేయ్ వెంకటేశులూ, ఇట్ల రా. నీ గుడిసె పేపర్లో పడింది.”

వెంకటేశులు నాయనకు వరసకు బామ్మర్ది. మా పక్కిల్లే. ఆయన చేను ఊళ్లో అన్నిటికంటే చివరిది, దాని గట్టు దాటితే అడవి. మామ ఫోటో చూసి కాసేపు తల గోక్కున్నాడు.

“నా గుడిసే బావా. మూడేండ్ల కింద పడింది గదా ఇది. ఆ మూల కుండ సూడు, నా పెండ్లాం ఇప్పుటికీ దానికోసరం ఏడస్తాది.”

వీధిలో నలుగురూ చేరారు. ఒకటే నవ్వులు. అన్న ముఖం మాడిపోయింది.

“పోటో పాతదే నాయనా. కొత్తది లేదని గోవిందరాజులు ఏసేసినాడు. మాట మాత్రం నిజం. గుట్ట కింద లద్ది నేను కండ్లారా సూసినా. పచ్చిది. తొక్కిన అడుగులు కూడా ఉండాయి.”

“పోటో అబద్ధం, మాట నిజమా?” అన్నాడు నాయన. “ఒక ఇంట్లో ఒగ గది కాలితే ఇంగో గదిలో పండుకుంటావా? టపాకాయలమ్మేవాడికి ఏనుగులు ఉంటేనే గదరా గిరాకీ. ఊరికే వచ్చే కాయితం ఊరికే రాదు. యాడో ఒగ సోట కొనిపిస్తాది.”

అన్న బండెక్కి వెళ్లిపోయాడు. పేపర్ల కట్ట అరుగు మీదే ఉండిపోయింది. మధ్యాహ్నానికి మా అమ్మ వాటిలో నాలుగు తీసి వాకిట్లో పరిచి, పైన చింతపండు ఎండబెట్టింది.

వెంకటేశులు మామ గురించి చెప్పాలి. ముందటి ఏడు ఆయన చేను మొత్తం ఏనుగుల పాలైంది. తొక్కింది కొంత, తిన్నది కొంత, మిగిలింది గొడ్లకు కూడా పనికి రాలేదు. ఈ ఏడు ఆయన కూతురు ఉషారాణి పుంగనూరులో అత్తగారింట్లో నెలలు నిండి ఉంది. తొలికాన్పు, పుట్టింటికి రావాలి. బిడ్డ ఇంటికొచ్చి సొంత చేను రాగుల సంగటి తినాలన్నది ఆయన ఒకే ఒక్క కోరిక. పైకి నవ్వుతూ అనేవాడు గానీ లోపల ఆయనకు అది ఎంత పంతమో మా ఇంట్లో అందరికీ తెలుసు.

“కొన్న రాగులు పెడితే మా అల్లుడు నవ్వడూ?” అనేవాడు. “గాదె నిండాల. బిడ్డ వచ్చేపాటికి గాదె నిండాల.”

ఏనుగులు తిరిగే రోజుల్లో ఊరుమ్మడిగా కాపు కాయడం మా దగ్గర వాడుక. ఇంటికొకరు వంతులవారీగా మంచెల మీద ఉండి, రేకు డబ్బాలు కొట్టి, టపాకాయలు కాల్చి, దివిటీలు ఊపాలి. ఆ ఏడు కాపు మరీ ఎక్కువ రోజులు సాగింది. మంచుకు మగవాళ్లందరికీ దగ్గులు, జ్వరాలు. పగలు కోయడానికి ఒంట్లో సత్తువ ఉండేది కాదు. కాపుంటే కోత లేదు, కోత లేకపోతే గింజ రాలిపోతుంది. అందుకే ప్రతి సాయంకాలం పంచాయతీ ఆఫీసు ముందు జనం చేరి ఒకటే అడిగేవాళ్లు. అందరికంటే ముందు వెంకటేశులు మామ అడిగేవాడు.

“బావా, ఉండాయా, పోయినాయా? ఒక్క మాట సెప్పు.”

“ఇంగా రేడియోలో రాలేదు రా.”

“వస్తే సెప్పు. నేను నీ నోటికోసరమే కాసుకోనుండా.”

ఆ సాయంకాలం రేడియోలో వచ్చింది. నేను కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను, నాకు స్పష్టంగా వినబడింది. సరిహద్దు గ్రామాల్లో పంటలకు నష్టం కలిగిస్తున్న ఏనుగుల గుంపును సిబ్బంది తమిళనాడు అడవుల్లోకి విజయవంతంగా మళ్లించినట్లు అధికారులు తెలిపారు. తర్వాత మదనపల్లె టమాటా ధరలు చెప్పి, వాతావరణం చెప్పి ముగించారు.

నాయన రేడియో కట్టేశాడు. ముఖంలో వెలుగు. మైకు మీద రెండుసార్లు వేలితో కొట్టి, గొంతు సవరించుకున్నాడు.

“అప్పా, అందరూ ఇనండి. ఏనుగులు ఎల్లిపోయినాయి. తమిళోళ్ల అడివిలోకి తోలేసినారు. ఇంగ కాపు అక్కర్లేదు. అందరూ ఇండ్లల్లో సుఖంగా పండుకోండి. రేపట్నుంచి కోతలు పెట్టుకోండి.”

బయట ఈలలు వేశారు. ఎవరో డబ్బా వాయించారు. ఇక దాని పని అయిపోయిందని దాన్ని గాల్లోకి విసిరేశారు కూడా. వెంకటేశులు మామ ఆఫీసు మెట్ల దాకా వచ్చి నాయన చేయి పట్టుకున్నాడు.

“నిజంగా పోయినాయా బావా?”

“రేడియో సెప్పినాక ఇంగ నిజంగానా అని అడిగేదేందిరా?” అన్నాడు నాయన, కాస్త చిన్నబుచ్చుకుని.

“నువ్వు సెప్పినావు గదా, సాలు,” అని మామ నవ్వుతూ పోయాడు.

మేము ఇంటికి వచ్చేసరికి అమ్మ సంగటి కెలుకుతోంది. మా అమ్మ సిద్దమ్మది గుట్ట అవతల తమిళ ఊరు. పెళ్లయి వచ్చి ఇన్నేళ్లయినా వంటింట్లో చిన్న ట్రాన్సిస్టర్ పెట్టుకుని తమిళ స్టేషనే వినేది. పాటల కోసం వినేది, మధ్యలో వార్తలు వస్తే అవి కూడా వినేది. నాయనకు అది ఒక లెక్కలోది కాదు. వంటింట్లో పిల్లి తిరుగుతున్నంత.

ఆమె నాయన ముందు సంగటి తట్ట పెట్టి అంది: “మైకులో నువ్వు సెప్పింది ఇన్నా. మరి మజ్జాన్నం తమిళ వార్తల్లో ఇంగో రకంగా సెప్పినారే.”

“ఏమని?”

“ఏనుగుల్ని ఆంధ్రా అడివిలోకి తోలేసినామని.”

నాయన చేతిలో ముద్ద అలాగే ఆగింది. “ఎప్పుడు తోలినారంట?”

“ఆ సంగతి సెప్పలా. మనోళ్లు ఎప్పుడు తోలినారంట?”

నాయన నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఆడించాను. మన రేడియోలోనూ రోజు చెప్పలేదు.

అన్న అప్పటిదాకా తలవంచుకుని తింటున్నాడు. ఇక ఉండబట్టలేకపోయాడు. “నాయనా, అది కూడా సర్కారు రేడియోనే గదా. అది కూడా ఏమీ అమ్మదు గదా. రెండూ నిజమే సెప్తాండాయి అనుకో. అప్పుడు ఏనుగులు యాడుండాయి?”

“నువ్వు మాట్లాడొద్దు రా. మూడేండ్ల గుడిసె పోటో ఏసినోడివి.”

“నేను ఎయ్యలా. పచ్చి లద్ది సూసినానని రాసింది మాత్రం నేనే.”

“వాళ్లు తోలినామంటారు, వీళ్లు తోలినామంటారు,” అంది అమ్మ, సంగటి కట్టె కడుగుతూ. “మా పక్కకొచ్చి పడినాయని మాత్రం ఎవురూ సెప్పరు. అది సెప్తే ఎవురికి గొప్ప?”

“ఆ రేడియో వాళ్ల గొప్ప కోసరం సెప్తాది.”

“మరి మనది?”

నాయనకు కోపం వచ్చింది. కోపం వస్తే అరిచే మనిషి కాదు, తినడం ఆపేసే మనిషి. తట్ట పక్కకు తోసి, చేయి కడుక్కుని, బయట నులక మంచం మీద పోయి కూర్చున్నాడు. అమ్మ మజ్జిగ తోడుకని గిన్నె తీసుకుని పక్కింటికి బయలుదేరింది. తోడు మా ఇంట్లోనే ఉంది. నాకు తెలుసు గనక నేనూ వెంట వెళ్లాను.

వెంకటేశులు మామ వాకిట్లో కూర్చుని కొడవలి నూరుతున్నాడు. ఆయన భార్య రంగనాయకమ్మత్త దీపం పట్టుకుని పక్కన నిలబడింది. అమ్మ తమిళ వార్త చెప్పింది. ఒకటికి రెండుసార్లు చెప్పింది.

“మైకులో ఎల్లిపోయినాయని సెప్పినారు గదా వదినా,” అంది అత్త.

“సెప్పినారు. ఇది కూడా ఇనుకోండి అంటాండా. ఒగ రెండ్రోజులు సూసి కోసుకోండి.”

మామ కొడవలి అంచును బొటనవేలితో చూసుకుంటూ నవ్వాడు. “అక్కా, నువ్వు పాటలు ఇను. వార్తలు బావకు ఇడిసిపెట్టు. రెండ్రోజులాగితే గింజ సగం నేలపాలు. ఆ మూల సూడు, ఉట్టికి తగిలించినా, సంచి నిండా టపాకాయలు. అవి ఇంగ ఏనుగులకు గాదు. మనవడు పుడితే కాలుస్తా. ఊరంతా అదిరిపోవాల.”

ఉట్టి మీద గోనెసంచి ఉబ్బుగా కనబడింది. అమ్మ తోడు వేయించుకుని వచ్చేసింది.

మర్నాడు పొద్దున మంచు బాగా పట్టింది. ఎదురింటి గోడ కూడా కనబడటం లేదు. నాయన ఆవు దగ్గర కూర్చుని పాలు పితుకుతున్నాడు. నేను దూడను పట్టుకున్నాను. అన్న ఇంకా తెల్లవారకముందే బండి మీద పోయినవాడు అప్పుడే తిరిగి వచ్చాడు. బండిని స్టాండు వేయలేదు, గోడకు ఆనించేశాడు. అది పడిపోయింది. దాన్ని ఎత్తలేదు.

“నాయనా,” అన్నాడు. “వెంకటేశులు మామ.”

నాయన తల తిప్పలేదు. పాల ధార చెంబులో పడుతూనే ఉంది. “యాడ?”

“సేన్లో. ఒగడే పోయినాడు కోతకు.”

“ఏనుగులు ఎల్లిపోయినాయి గదరా,” అన్నాడు నాయన.

ఆయన ఆవును మొత్తం పితికాడు. చివరి చుక్కదాకా. దూడకు ఏమీ మిగల్చలేదు. ఏ రోజూ అలా చేయలేదు. చెంబు నా చేతికి ఇచ్చి, కండువా దులిపి భుజాన వేసుకుని, చేను వైపు నడవడం మొదలుపెట్టాడు. నడుస్తున్నవాడు పరుగు పెట్టడం మంచులో కనబడలేదు గానీ వినబడింది.

నేను చేనుకు వెళ్లలేదు. అమ్మ వెళ్లనివ్వలేదు. వెళ్లినవాళ్లు చెప్పారు. గుంపు మొత్తం గట్టు అవతల చెట్లల్లోనే ఉందట. మంచులో మామకు అవి కనబడి ఉండవు. కోసిన ఓదెలు వరసగా పేర్చి ఉన్నాయట, ఎంతో చక్కగా, ఒక్క ఓదె కూడా చెదరకుండా. కొడవలి వాటి పక్కన ఉందట.

ఆ రోజు ఊళ్లో ఎవరూ మా నాయనను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. “రేడియో సెప్పింది గదా, ఓబులప్ప ఏం జేస్తాడు?” అన్నారు. అంత దుఃఖంలోనూ అత్త కూడా అదే అంది. ఆ మాట విన్న ప్రతిసారీ నాయన ఒక అడుగు వెనక్కి వేసేవాడు. చివరికి గొడ్లపాకలోకి పోయి కూర్చున్నాడు.

ఫారెస్టువాళ్ల జీపు వచ్చింది. ఆఫీసర్లు చేను చూశారు, రాసుకున్నారు, ఊళ్లో జాగ్రత్తలు చెప్పించామని తమలో తాము అనుకున్నారు. ఎవరు చెప్పించారో, ఎప్పుడు చెప్పించారో అడగడానికి ఆ గుంపులో ఎవరికీ నోరు రాలేదు.

మామను పూడ్చిన మరుసటి సాయంకాలం నాయన తాళంచెవి తీసుకుని పంచాయతీ ఆఫీసుకు పోయాడు. పోడనుకున్నాం. కండువా లేదు, కాళ్లు కడుక్కోలేదు. నేనూ అన్నా వెనకే పోయాం. అక్కడ అప్పటికే రంగనాయకమ్మత్త మెట్ల మీద కూర్చుని ఉంది. పక్కన పుంగనూరు నుంచి వచ్చిన ఉషారాణి, నిండు గర్భంతో, గోడకు జారగిలబడి.

“రేడియో పెట్టన్నా,” అంది అత్త. “ఆయన పేరు సెప్తారేమో ఇంటా.”

నాయన పెట్టాడు. ఈసారి తనొక్కడే చెవి ఆనించలేదు. అందరికీ వినబడేలా దాని గొంతు పెంచాడు. చాలా సంగతుల తర్వాత వచ్చింది. ముందస్తు హెచ్చరికలను లెక్కచేయకుండా పొలానికి వెళ్లిన ఒక రైతు ఏనుగుల దాడిలో మృతి చెందినట్లు అధికారులు తెలిపారు. ఆ వెంటనే టమాటా ధరలు.

అత్త నాయన వైపు తిరిగింది. “ఎవురో రైతు అన్నారు. మా ఆయన కాదేమోనన్నా?”

“ఆయనేమ్మా.”

“ఎచ్చరికలంటే ఏంది? ఎవురు జేసినారు?”

నాయన రేడియో కట్టేశాడు. అలవాటు ప్రకారం ఇప్పుడు ఆయన వార్తను మా మాటల్లో చెప్పాలి. బయట జనం ఎప్పటిలాగే నిలబడి ఉన్నారు. మైకు పెట్టాడు.

“మన వెంకటేశులు సచ్చిపోయినాడప్పా,” అన్నాడు. “ఎచ్చరికలు ఎవురూ జెయ్యలా. ఏనుగులు ఎల్లిపోయినాయని ఈ మైకులో సెప్పింది నేను. నేను పోయి సూడలా. సూసినోళ్లను అడగలా. అంతే.”

‘సరిహద్దు గంట’ ఆ వారం మామూలు కంటే రెండింతలు అచ్చేశారు. ఫోటో నిజమైనదే. మామ చేను, పేర్చిన ఓదెలు, కొడవలి. కింద మాత్రం ‘చేతిలో ఒక్క టపాకాయ ఉన్నా ఆ రైతు బతికేవాడు’ అని రాశారు. వెనక పేజీ సంగతి చెప్పనక్కర్లేదు. అన్న ఆ పేపరు పట్టుకుని కుప్పం పోయి గోవిందరాజులుతో తలపడ్డాడు. మామ ఇంట్లో సంచి నిండా టపాకాయలు ఉన్నాయి, ఏనుగులు పోయాయన్న మాట నమ్మి వదిలి వెళ్లాడు, నేను రాసిచ్చింది అది కదా అని అరిచాడట. “అది రాస్తే నా టపాకాయలు ఎవురు కొంటారప్పా?” అని గోవిందరాజులు నెమ్మదిగానే అడిగాడట. అన్న ఆ సాయంకాలమే బండి తాళాలు ఆయన బల్ల మీద పడేశాడు. పది రోజులు ఇంట్లో ఉత్తగా కూర్చుని, బెంగళూరులో రాళ్లు కోసే పనికి రైలెక్కాడు. వెళ్లేటప్పుడు నాయన స్టేషన్ దాకా వచ్చాడు. ప్లాట్‌ఫారం మీద ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు. రైలు కదిలే ముందు నాయన ఒక్క మాట అన్నాడు.

“లద్ది పచ్చిదేనా రా?”

“పచ్చిదే నాయనా,” అన్నాడు అన్న.

కోతలు ఇంకా సగం మిగిలే ఉన్నాయి. ఏనుగులు కూడా. నాయన రేడియో మానలేదు. కానీ ఆయన పద్ధతి మారిపోయింది. అమ్మను వెంటబెట్టుకుని పోయేవాడు. ఆమె తన ట్రాన్సిస్టర్‌లో తమిళ వార్తలు విని చెప్పేది. పొద్దున తనే చేతికర్ర పట్టుకుని గుట్ట కిందికి పోయి వచ్చేవాడు. సాయంకాలం మైకులో అన్నీ చెప్పేవాడు.

“మన రేడియోలో ఏనుగులు లేవని ఆఫీసర్లు సెప్పినారంట. ఎప్పుడు సూసి సెప్పినారో తెలీదు. తమిళ రేడియోలో వాళ్ల పక్క లేవని వాళ్ల ఆఫీసర్లు సెప్పినారంట. కాయితంలో పన్నెండు ఉండాయని ఏసినారు. రాసినోడు ఎవురో తెలీదు. నేను గుట్ట కింద సూసినంతవరకు ఏమీ కనపళ్లా, గుట్ట ఎక్కలా. కాపుకు పొండి.”

పొట్టు ఊదడం మానేశాడు. పొట్టూ గింజా కలిపి ఊరి ముందు పోశాడు. ఊరికి అది నచ్చలేదు.

“ఏమన్నా ఓబులప్పా, ఇన్ని మాటలు మాకెందుకు?” అన్నారు. “పగలంతా కోసి కోసి సచ్చిపోతాండాం. ఉండాయా, పోయినాయా? ఒక్క మాట సెప్పు.”

“తెలీదప్పా.”

“తెలీకపోతే మైకు యాల?”

నాయన ఆఫీసుకు తాళం వేసేవాడు. మాకు అవమానంగా ఉండేది. ఇంటికొచ్చి ఆయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంటే, ఆ వీపును చూసి నాకు ఏడుపు వచ్చేది. ఒకప్పుడు ఊరికి ఇంత పెద్ద గొంతుగా ఉన్న మనిషి వెనక నుంచి ఎంత చిన్నగా ఉన్నాడో అనిపించేది.

నూర్పిళ్ల నాటికి వీధి చివర ముద్దుకృష్ణ తన అంగట్లో టీవీ పెట్టాడు, పైన డిష్షుతో. బీడీ కొన్నా కొనకపోయినా కూర్చుని చూడొచ్చు. అందులో వార్తలు చదివే కుర్రాడు తెలీదని ఎప్పుడూ అనడు. జనం అక్కడికి మళ్లారు. పంచాయతీ ఆఫీసు ముందు ఒకరిద్దరు మిగిలారు, తర్వాత వాళ్లూ పోయారు. కాపుకు కూడా పోయేవాడు పోయాడు, మానేవాడు మానేశాడు.

ఉషారాణికి మగపిల్లాడు పుట్టాడు. వెంకటేశులు మామ కోసిపెట్టిన ఆ ఓదెలను ఊళ్లోవాళ్లే నూర్చి గాదెలో పోశారు. గాదె పావు కూడా నిండలేదు. ఉట్టి మీది సంచిని ఎవరూ ముట్టుకోలేదు.

మైకును పంచాయతీవాళ్లు తిరిగి తీసుకునే ముందు, ఆఖరి రోజుల్లో ఒక సాయంకాలం. నాయన వార్తలు చెప్పడం ముగించాడు. ముందు మన రేడియోది, తర్వాత తమిళ రేడియోది, చివర తన కళ్లతో చూసినది. బయట నేనూ అమ్మా తప్ప ఎవరూ లేరు. మెట్ల మీద మాత్రం రంగనాయకమ్మత్త కూర్చుని ఉంది, ఒళ్లో మనవడిని పడుకోబెట్టుకుని. ఆమె ఒక్కరోజు కూడా మానలేదు. ఆమెను చూస్తే నాయన కుంగిపోతాడని మాకు ఇష్టం లేకపోయినా వచ్చేది.

ఆమె లేచి, బిడ్డను భుజాన వేసుకుని, గుమ్మం దాకా వచ్చింది.

“ఈ పొద్దు ఏనుగులు యాడుండాయన్నా?”

“తెలీదమ్మా,” అన్నాడు నాయన.

ఆమె తల ఊపింది. కోపం లేదు. నిష్ఠూరం కూడా లేదు. బిడ్డ వీపు నిమురుతూ, మామూలుగా అంది.

“ఆ మాట ఆ పొద్దే అనింటే సరిపోయిండును గదన్నా.”

నాయన మైకు కట్టేయడం మరిచిపోయాడు. ఆమె మాట రెండు హారన్లలోనుంచి వీధి చివర టీవీ అంగడి దాకా వినబడింది.